కమల మహల్‌కూ యూరియా మూటలకూ పందెం

బళ్లారి ఎండల్లో ఒళ్లో ఊలు ఉండ పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకే వస్తుంది. ఏప్రిల్ నెలలో మా దేశనూరులో కోళ్లు కూడా నీళ్ల తొట్టి నీడ వదిలి కదలవు. అలాంటి మధ్యాహ్నాల్లో నేను కిటికీ పక్కన చాప పరుచుకుని, మెడ మీద తడిగుడ్డ వేసుకుని, ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా అనుకుంటూ అల్లుతుంటాను. స్వెట్టర్లు కాదు. స్వెట్టర్ తొడుక్కునేంత చలి మాకు ఏడాదికి నాలుగు రోజులుంటే గొప్ప. ఆ నాలుగు రోజులూ మావాళ్లు దుప్పటి కప్పుకుని కానిచ్చేస్తారు. నేను అల్లేది సోఫా మీద పెట్టుకునే దిండ్లకు గలీబులు. వాటి మీద హంపి కట్టడాలు ఉంటాయి. ఉన్నాయని నేను అనుకునేదాన్ని. చూసినవాళ్లు అనుకునేవాళ్లు కాదు. అక్కడే వచ్చింది చిక్కు.

ఈ అల్లిక నాకు యశ్వంతనగర్‌లో అబ్బింది. మా నాయన అక్కడ గనుల లారీ తోలేవాడు. మా పక్కింట్లో కొడగు నుంచి వచ్చిన ఒక నర్సమ్మ ఉండేది. ఆమె మాటలు నాకు సగమే అర్థమయ్యేవి గానీ ఆమె వేళ్లు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి. నా చదువు నాలుగో తరగతితో ముగిసింది కాబట్టి పొద్దున్నుంచీ ఆమె గడప మీదే ఉండేదాన్ని. గనుల ఊరు కదా, గాలి నిండా ఎర్ర దుమ్ము. నేను మొట్టమొదట అల్లిన టోపీ నడినెత్తి దగ్గర తెల్లగా మొదలై, చెవుల దగ్గరికి వచ్చేసరికి ఇటుకరంగుకు తిరిగింది. "రెండు రంగులు వేసినావే, భలే!" అని మా నాయన మెచ్చుకున్నాడు. నేను కాదనలేదు.

దేశనూరు కోడలినయ్యాక సూదులు చాలా ఏళ్లు ట్రంకుపెట్టె అడుగున పడి ఉన్నాయి. కాలువ నీళ్ల కింద వరి పండించే ఇల్లు మాది. పనికి కరువుండదు. ఇంట్లో మా అత్త, మా ఆయన, మా మరిది, అతని భార్య. మరిది లారీల మీద ఊళ్లు తిరుగుతూ నెలకు నాలుగు రోజులు కనిపిస్తాడు. అతని భార్య, అంటే నా తోడికోడలు, నాకంటే పదేళ్లు చిన్నది. పది పాసైంది. ఫోన్‌లో ప్రపంచమంతా చూస్తుంది, చూసింది చూసినట్టు నాకు చూపిస్తుంది. ఒకరోజు ఎవరో తెల్లవాళ్లు పాత కోటలనూ చర్చీలనూ ఊలుతో అల్లి దిండ్లకు తొడిగిన ఫోటోలు చూపించింది.

"అక్కా, నీకు వస్తాది గదా అల్లేది. మనకు హంపి ఉండాది. వాళ్లకేమన్నా హంపి ఉండాదా?"

ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆ వారమే చుట్టాలు వస్తే వాళ్లతో కలిసి హంపికి వెళ్లాం. హంపిని నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కానీ ఆ రోజు కమల మహల్ ముందు నిలబడిపోయాను. రాణుల మేడ అంటారు దాన్ని. కమాను లోపల కమాను, దాని లోపల ఇంకో కమాను, చీర కుచ్చిళ్లు సర్ది దోపినట్టు ఉంటాయి. పైన కోసుగా శిఖరాలు. గైడు రాణిగారి స్నానం గురించి ఏదో చెబుతున్నాడు. నేను వినడం లేదు, మడతలు లెక్కపెడుతున్నాను. చుట్టాలు ముందుకు వెళ్లిపోయారు. నా తోడికోడలు వెనక్కి వచ్చి చెయ్యి పట్టి లాక్కుపోవాల్సి వచ్చింది.

పుస్తకాల్లో అల్లికకు గళ్లు గీసి ఇస్తారట. నాకు గళ్లు చదవడం రాదు. ముగ్గు చదవడం వచ్చు. ఏ ముగ్గయినా ఒక్కసారి చూస్తే చుక్కలతో సహా నా కళ్లలో ఉండిపోతుంది. పెళ్లిచూపుల రోజు మా అత్తగారి వాకిట్లో ఉన్న ముగ్గు ఎన్ని చుక్కలదో ఇప్పుడడిగినా చెబుతాను. అందుకని నా పద్ధతి నేను పెట్టుకున్నాను. గది నేల మీద సుద్దముక్కతో అడ్డంగా అరవై, నిలువుగా అరవై చుక్కలు పెట్టి, వాటి మీద మహల్ బొమ్మ గీశాను. ఒక్కో చుక్క ఒక్కో కుట్టు. బొమ్మ లోపల పడిన చుక్కకు మీగడరంగు ఊలు, బయట పడిన చుక్కకు ఇటుకరంగు ఊలు. కింది వరస నుంచి మొదలుపెట్టి పైకి అల్లుకుంటూ పోవడమే.

ఇంతకీ ఆ గది సంగతి చెప్పాలి, ఎందుకంటే పందెమంతా దాని కోసమే. మా ఇంటికి తూర్పు పక్క ఒక చిన్న గది ఉంది. రెండు కిటికీలు. ఒకప్పుడు విత్తనాల మూటలు ఉండేవి. అవి ఖాళీ అయ్యాక నేను, నా తోడికోడలు మెల్లగా అందులో చేరాం. ముందు ఒక చాప, తర్వాత ఊలు ట్రంకు, తర్వాత ఆమె కుట్టుమిషను. మేమిద్దరం ఇంట్లో ఎక్కడైనా కూర్చోవచ్చు, కాదనేవాళ్లు లేరు. కానీ పంచలో కూర్చుంటే పంచలో పని మన మీద పడుతుంది, వంటింట్లో కూర్చుంటే వంటింటి పని పడుతుంది. ఆ గదిలో కూర్చుంటే మాత్రం మా పని ఒక్కటే ఉండేది. పెళ్లయిన ఇరవై రెండేళ్లకు నాకు దొరికిన తలుపు అది. వేసుకుంటే మూసుకునేది.

మే నెలలో ఒకరోజు మా ఆయన టేపు పట్టుకుని ఆ గదిలోకి వచ్చాడు. నేల మీద చుక్కల్ని చూసి దాటుకుంటూ, కొంగలాగా ఒక్కో కాలు ఎత్తి ఎత్తి వేస్తూ గోడలు కొలిచాడు.

"ఏందప్పా కొలుస్తాండావు?" అన్నాను.

"కాలవకు నీళ్లు ఇడిసే లోపల యూరియా, డీఏపీ అంతా ఒకేసారి దించుకుంటాండా. ఈ రూములో పెడితే తేమ తగలదు. మీ సామాను తీయండి."

"ఈడ మా పని నడుస్తాంది గదా!"

"ఏం పని?"

నేను గర్వంగా అప్పటికి పూర్తయిన మొదటి దిండు తీసి చేతికిచ్చాను. పత్తి నింపి, అంచులు కుట్టి, బిడ్డకు స్నానం చేయించినట్టు సిద్ధం చేసిన దిండు. మా ఆయన దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఏంది మే ఇది?"

"నువ్వే చెప్పు."

"ఇడ్లీ పాత్రా?"

నా తోడికోడలు కుట్టుమిషను మీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. నాకు ముఖం మండిపోయింది. "కమల మహల్!" అన్నాను.

"కమల మహలా! దీని మీద ఎనుము కూచున్నాదా ఏంది?"

అబద్ధం ఎందుకు, ఆయన అన్నది నిజమే. నా మహల్ చతికిలబడింది. కోసుగా లేవాల్సిన శిఖరాలు బోర్లించిన చిప్పల్లా ఉన్నాయి. కమాన్లు నోరు సాగదీసి నవ్వుతున్నాయి. గలీబు కూడా నలుచదరంగా రాక పొట్టిగా వస్తే, పైనా కిందా ఉత్త ఇటుకరంగు వరసలు కలిపి ఎలాగో సరిపెట్టాను. చుక్కలు తప్పలేదు, లెక్క తప్పలేదు, అయినా అలా ఎందుకొచ్చిందో నాకు అంతు పట్టలేదు.

గొడవ పంచలోకి వెళ్లింది. పంచలో మా అత్త ఉంటుంది. మా అత్త తీర్పు చెబితే మా ఇంట్లో దాని మీద మాట ఉండదు. ఆమె వక్కాకు నములుతూ దిండును దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇడ్లీ పాత్ర గాదురా," అంది కొడుకుతో. నాకు ప్రాణం లేచి వచ్చింది. "పొయ్యి పక్కన పొంతకుండల వరస."

పంచ అదిరేటట్టు అందరూ నవ్వారు. నాక్కూడా నవ్వొచ్చింది, కోపంలోనే నవ్వొచ్చింది, అది ఇంకా కష్టం. చివరికి మా అత్త వక్కాకు ఉమ్మి వచ్చి తీర్పు చెప్పింది.

"గొబ్బరం మూటల లోడు వచ్చేదానికి ఇంకా నెల ఉండాది గదా. ఆ లోపల ఈమె ఒక దిండు అల్లల్ల. మనింటోళ్లు కానోళ్లు, మనూరోళ్లు కానోళ్లు ఒక్కరైనా, పేరు చెప్పకనే, ఇది హంపిలో ఫలానాది అని చెప్పల్ల. చెప్తే రూము కోడండ్లది. చెప్పకపోతే మూటలది. మల్లా నా దగ్గరికి రాగూడదు."

"ఒక్కరు చాలా అత్తా?"

"ఆ ఒక్కరు దొరికినప్పుడు చూద్దాంలే," అన్నాడు మా ఆయన.

నేను రాతిరథం పట్టుకున్నాను. రథమైతే ఎవరైనా గుర్తుపడతారు, చక్రాలుంటాయి కదా అని నా తెలివి. మళ్లీ నేల మీద చుక్కలు, మళ్లీ బొమ్మ. పదిహేను రోజులు తిండీ నిద్రా అన్నీ దాని చుట్టే. మా అత్తకు ఆ గది మీదుగా పెరట్లోకి వెళ్లడం అలవాటు, చుక్కలు చెరుగుతాయని ఇల్లంతా చుట్టి వెళ్లేది. "నా ఇంట్లో నేనే దారి అడగల్సి వచ్చె," అని వినపడేటట్టు అనేది. రథం పూర్తయిన రోజు నేను, నా తోడికోడలు తలుపు వేసుకుని దాన్ని గోడకు ఆనించి చూశాం. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మా ఆయన తలుపు తోసి చూశాడు. ట్రాక్టరు తోలే మనిషి కదా, ముందు చక్రాల వైపే చూపు పోయింది.

"గాలి తక్కువుండాది," అన్నాడు. "నాలుగింట్లోనూ."

అంతే. నా తోడికోడలు చాప మీద దొర్లింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. గుండ్రంగా గీసిన చక్రాలు కోడిగుడ్ల మాదిరి అడ్డంగా సాగి, పంచరైన బండిలా ఉంది రథం. మూటలకు గది సగం దక్కినట్టే ఆయన నడిచి వెళ్లాడు. నవ్వయ్యాక మాత్రం నాకు దిగులు మొదలైంది. ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

మరునాడు నా తోడికోడలు ఆ చక్రాన్ని వేలితో లెక్కపెట్టింది.

"అడ్డం పన్నెండు కుట్లు. నిలువు పన్నెండు వరసలు. సరిగ్గానే ఉండాది గదక్కా!"

నేను నా చెయ్యి దాని మీద ఆనించాను. ఎందుకు ఆనించానో తెలియదు, గోధుమపిండి ముద్ద మీద ఆనించినట్టు ఆనించాను. అడ్డంగా నాలుగు వేళ్లు పట్టాయి. నిలువుగా మూడే పట్టాయి. మళ్లీ పెట్టి చూశాను. నాలుగు, మూడు. కమల మహల్ దిండు తెచ్చి కమాను మీద పెట్టాను. అక్కడా అంతే. చుక్క గుండ్రంగా ఉంటుంది, ఎటు చూసినా సమానం. కుట్టు అలా కాదు. కుట్టు పొట్టిది, అడ్డంగా చేతులు చాచి కూర్చున్న మనిషి లాంటిది. నేను ఇన్నాళ్లూ కుట్టును చుక్క అనుకున్నాను! పుట్టిన దగ్గర్నుంచి ముగ్గు పెట్టే చేతులు చేసే తప్పు ఇది. గళ్ల పుస్తకం చదివేవాళ్లకు పుస్తకమే చెప్పి ఉంటుందేమో, నాకు నా వేళ్లే చెప్పాలి.

నేను లేచి ఎగిరాను. నిజంగానే ఎగిరాను, నలభై దాటిన మనిషిని. నా తోడికోడలు భయపడింది.

"ఏమాయె అక్కా, తేలు గీలునా?"

"జొన్నలు తే!"

"యాడివి?"

"డబ్బాలోవి! గుప్పెడు తే!"

చుక్కలు ఎలా పెట్టాలో అప్పటికే నాకు కళ్లకు కట్టింది. అడ్డంగా రెండు చుక్కల మధ్య నాలుగు జొన్నగింజలు పట్టేంత ఎడం. నిలువుగా మూడు గింజలు పట్టేంత ఎడం. ఆమె గింజలు పేర్చడం, నేను చుక్క పెట్టడం. ఆ గింజలు చేతి చెమటకు అంటుకుని రావు. కోడి ఒకటి లోపలికి వచ్చి మా కొలతల్ని రెండు వరసలు తినేసింది. దాన్ని తరిమి మళ్లీ మొదలుపెట్టాం. మా అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమ్మే, చుక్కలు పెట్టేది గూడ మర్సినావా? నీ ముగ్గును ఎవరో నెత్తి మీద తొక్కినట్టుండాది."

"తొక్కినట్టే ఉండల్ల అత్తా! ఈడ తొక్కితే ఆడ లేస్తాది!"

ఆమెకు అర్థం కాలేదు. కోడళ్లిద్దరికీ ఎండ తగిలిందని నిమ్మకాయ నీళ్లు కలిపి తెచ్చి ఇచ్చింది. అంత ఒత్తుగా పెట్టిన చుక్కల మీద కమల మహల్‌ను కంటికి సరిగ్గా ఉండేటట్టు గీశాను. వరసలు ఎక్కువయ్యాయి, అరవై కాస్తా ఎనభై అయ్యాయి. అల్లుతూ పోతుంటే, ఆ మహల్ నా సూదుల మీద లేచి నిలబడుతుంటే, నాకు ఒళ్లంతా చక్కిలిగింతలు పెట్టినట్టుంది. అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఎవరైనా పిలిస్తే "ఉల్టా" అని బదులిచ్చాను. తొమ్మిదో రోజు శిఖరాలు కోసుగా ముగిశాయి. పత్తి నింపి అంచులు కుట్టాం. ఈసారి గోడకు ఆనించి చూసి, ఇద్దరం ఒకరినొకరం గట్టిగా గిల్లుకున్నాం.

ఇక గుర్తుపట్టే మనిషి కావాలి. మరునాడే మా ఆయన ఎరువుల లోడు ఖాయం చేయడానికి బళ్లారి వెళుతున్నాడు. నేనూ వస్తానన్నాను. మా అత్త ఇద్దరికీ షరతు పెట్టింది: "ఎవరన్నా ఏందని అడిగితే, మీరే చెప్పండి అనల్ల. ఇంకొక మాట మాట్లాడగూడదు, నువ్వు గూడ, వాడు గూడ."

సిరుగుప్ప స్టాండులో బళ్లారి బస్సు ఎక్కాం. జూన్ మొదలు. సీటు రేకులు కాలుతున్నాయి. నేను కిటికీ పక్కన కూర్చుని ఊలు దిండును ఒళ్లో నిలబెట్టి, ముఖం జనాల వైపుకు తిప్పి పట్టుకున్నాను. మా ఆయన పక్క వరసలో కూర్చుని, సాక్షి కదా, నా నోటినే చూస్తున్నాడు.

నా పక్కన మల్లెపూల బుట్టతో ఒకామె కూర్చుంది. బళ్లారి బజారులో పూలమ్మే మనిషి. దిండును చూసి, ముట్టుకుని, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"క్యా అమ్మా, ఈ గర్మీలో ఊలా! ఒంట్లో బాగుండాదా నీకు?"

నేను నవ్వాను.

"ఏంది ఇది, దర్గానా?"

"మీరే చెప్పండి."

"కమాన్లు ఉండాయి. పైన గుమ్మటాలు మాత్రం కోసుగా ఉండాయి..." ఆమె తల వాల్చి చూసింది. "షాదీ మహల్?"

నేను సీటు అంచుకు వచ్చేశాను. మహల్ దాకా వచ్చింది! ఇంకొక్క మాట! నేను కళ్లు పెద్దవి చేశాను, కనుబొమలు ఎగరేశాను. మా ఆయన గట్టిగా దగ్గి, కనుబొమలు కూడా లెక్కలోకి వస్తాయన్నట్టు వేలు చూపించాడు. నేను ముఖాన్ని గోడలా చేసుకున్నాను.

"షాదీ మహలే," అని పూలామె ఖాయం చేసేసింది. "మా అన్నకూతురి షాదీ ఇట్లాంటి దాంట్లోనే అయింది."

మా ఆయన ఒక వేలు ముడిచాడు. తర్వాత కండక్టరు వచ్చాడు. సామాను పైన పెట్టమని కన్నడంలో చెప్పబోయి, దిండును చూసి ఆగిపోయాడు.

"ఇదేందమ్మా?"

"మీరే చెప్పండి."

"బెంగళూరు ప్యాలెస్సు?"

మా ఆయన రెండో వేలు ముడిచాడు. ఆయన మీసాల కింద నవ్వు దాచుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. పూలామె కండక్టరును కసిరింది, ప్యాలెస్సు కాదు షాదీ మహల్ అని. కండక్టరు ఒప్పుకోలేదు. నేను మధ్యలో పెదవులు బిగపట్టుకుని, నవ్వు ఆపుకోలేక పగిలిపోతానేమో అనుకున్నాను.

అప్పుడే కాలువ వంతెన దగ్గర ఎనుముల మంద అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు కొట్టాడు. దిండు నా చేతుల్లోంచి ఎగిరి నడవలో పడింది. ఎవరో తీసి వెనక సీటువాళ్లకు ఇచ్చారు. వాళ్లు అది ఇంకా వెనకవాళ్లదనుకుని అటు అందించారు. "నాది! నాది!" అని నేను అరుస్తుంటే అది చేతులు మారుతూ బస్సు వెనక్కి పోయింది. చివరి సీటులో ఒక పెద్దమనిషి దగ్గర ఆగింది. ఆయన చేతుల గీతల్లో సున్నం ఇంకిపోయి ఉంది. కాళ్ల దగ్గర సంచిలోంచి తాపీ పిడి కనిపిస్తోంది. మేస్త్రి అన్నమాట. ఆయన దిండును మోకాళ్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ముందుకు చూసి గట్టిగా అడిగాడు.

"ఈ కమల మహల్ చేసినోళ్లు ఎవరమ్మా?"

బస్సులో నేను లేచి నిలబడ్డానో, గాల్లో ఉన్నానో నాకు గుర్తు లేదు. "నేనే! నేనే అప్పా!" అంటూ సీట్లు పట్టుకుని వెనక్కి పరుగెత్తాను. పూలామె చప్పట్లు కొట్టింది, దేనికో తెలియకుండానే.

"బాగుండాది," అన్నాడు మేస్త్రి. "అయితే తప్పు ఉండాది."

నా పరుగు ఆగింది. "ఏం తప్పు?"

"లోపలి కమాను. ఒక మడత తక్కువుండాది."

"లేదప్పా! నేను లెక్కపెట్టినా!"

"నిలబడి చూసినావా, కూచోని చూసినావా?"

"నిలబడి."

"ఆ. నిలబడితే లోపలి మడత నీడలో కలిసిపోతాది. కూచోని కింద నుంచి చూడల్ల. మాది కమలాపురమమ్మా. దాని పక్క గోడలకు గార పూసినోన్ని నేను. మధ్యాన్నం అన్నం దాని ఎదురుగానే కూచోని తింటాంటిమి."

మా ఆయన అప్పటికి వెనక్కి వచ్చేశాడు. విన్నాడు, విని నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇది చెల్లదు. ఈయప్ప కమలాపురమాయన. దాన్ని చూస్తా పెరిగినోడు. ఆయనకు తెలియక ఎవరికి తెలుస్తాది?"

"అరే!" పూలామె ముందు సీటులోంచే అందుకుంది. "మరి ఎవరు చెప్పల్ల దాదా? దిల్లీ నుంచి పిలిపించల్లనా?"

"ఏనప్పా సమాచార?" అని కండక్టరు కన్నడంలో సంగతేమిటని అడిగితే నేను మొత్తం చెప్పేశాను, గది, మూటలు, మా అత్త, ఇడ్లీ పాత్ర, పంచరైన రథం, అన్నీ. నోరు మూసుకుని కూర్చున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. బస్సు సగం నా వైపు, సగం మా ఆయన వైపు చీలింది. యూరియా తేమ తగిలితే గడ్డకడుతుందని ఇద్దరు రైతులు ఆయన్ను సమర్థించారు. మేస్త్రి మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా, తన వేలితో దిండు మీద ఆ తప్పిపోయిన మడత ఎక్కడి నుంచి లేచి ఎక్కడ వంగాలో నాకు మళ్లీ మళ్లీ గీసి చూపించాడు. బళ్లారి వచ్చేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను. దిగేటప్పుడు మా ఆయన నాకోసం ఆగకుండా ముందు నడిచాడు. నాకు అది పట్టనే లేదు.

సాయంత్రం పంచలో పంచాయితీ. నా తోడికోడలు పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చింది. మా అత్త ముందు కొడుకునే అడిగింది.

"ఆయప్ప మనింటోడా?"

"కాదు."

"మనూరోడా?"

"కాదు గానీ..."

"గానీ గీనీ తర్వాత. ఈమె పేరు చెప్పిందా?"

"లేదు. కనుబొమలు ఎగరేసింది."

"ఆయప్పకు ఎగరేసిందా?"

"పూలామెకు."

"పూలామె చెప్పిందా?"

"లేదు."

"మరి ఇంక ఏందిరా?"

"రూము కోడండ్లది," అంది మా అత్త. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన వాసన వచ్చింది గానీ, మేమిద్దరం చేతులు పట్టుకుని పంచలో గిరగిరా తిరుగుతున్నాం.

రెండు రోజులకు లోడు వచ్చింది. మూటలు పంచలోనే దించారు. కింద చెక్కలు పరిచి, పైన పట్ట కప్పి, మా ఆయన మంచానికి మూడు వైపులా తల ఎత్తు వరకు పేర్చారు. పొద్దున లేస్తే ఆయన తల మాత్రం కోట బురుజులోంచి చూసినట్టు కనిపించేది. కోపం ఎక్కువ రోజులు ఉండే మనిషి కాదు. మూడో రోజు ఆయనే మా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ దిండును చూపించమన్నాడు, ఊళ్లో వాళ్లకు బస్సు కథ చెబుతుంటే అడుగుతున్నారట.

అప్పటికే నేను దిండు అంచు కుట్లు కోసి, పత్తి తీసేసి, గలీబు పై కొసన దారం వెతికి పట్టుకున్నాను. మా అత్త ఎదురుగా రెండు చేతులూ చాచి కూర్చుని ఉంది, ఊడిన ఊలు చుట్టుకోవడానికి.

"ఏం చేస్తాండావు మే?"

"ఊడదీస్తాండా."

"అదే గదా గెలిచింది!"

"మడత తక్కువుండాది, ఇనలేదా నువ్వు?"

ఆయన మా అత్త వైపు చూశాడు, తీర్పు మళ్లీ మొదలవుతుందేమోనని. ఆమె చేతులు దించలేదు. "లాగు మే, చేతులు నొస్తాండాయి," అంది.

నేను లాగాను. ముందు శిఖరాలు పోయాయి, వరస తర్వాత వరస, ఊలు గిలగిలలాడుతూ మా అత్త చేతుల మీదికి. తర్వాత మేడ పోయింది, కిటికీలు పోయాయి. నా తోడికోడలు నేల మీద కూర్చుని, మేస్త్రి చెప్పినట్టు చుక్కల్లో కొత్త మడత గీస్తోంది. మా ఆయన గుమ్మంలోంచి లోపలికి వచ్చి, సుద్ద చెరగకుండా కాళ్లు ముడుచుకుని చాప మీద కూర్చున్నాడు. కింది కమాన్ల దగ్గరికి వచ్చి నేను ఆగాను. అరవై కుట్లూ ఒక్కటి జారకుండా మళ్లీ సూది మీదికి ఎక్కించి, సీదా వరస మొదలుపెట్టాను.